ఇరున్ జట్టు ఎక్కడి నుంచి పడిపోయింది?

ఆ మధ్య ఒక ఆదివారం రాత్రి మా ఇంట్లో టీవీలో ఇంగ్లండు ఫుట్‌బాల్ జట్టు ఆస్టన్ విల్లా మ్యాచ్ నడుస్తోంది. సెలవులకు వచ్చిన మా మేనల్లుడు సోఫాలో సగం పడుకుని, ఒక కన్ను టీవీ మీద, ఒక కన్ను ఫోను మీద వేసి చూస్తున్నాడు. వాడు రియల్ మాడ్రిడ్ భక్తుడు. మిగతా జట్ల మీద వాడికి ఉన్నది జాలి మాత్రమే. విరామంలో ఫోను నుంచి తల ఎత్తి, "మామయ్యా, విల్లా మేనేజర్ ఎమెరి సొంతంగా ఒక జట్టును కొన్నాడట, తెలుసా? రియల్ ఉనియోన్ అట. ఎప్పుడో వందేళ్ళ కిందట కప్పులు గెలిచి, ఆ తరువాత కింది డివిజన్లకు పడిపోయిందట. కొనాలనుకుంటే ఇంకేమీ దొరకలేదా ఆయనకు?" అన్నాడు.

నేను నవ్వేసి ఊరుకున్నాను. రెండో సగం మొదలైంది, ఎవరో గోల్ కూడా వేశారు. నా మనసు మాత్రం ఆ "పడిపోయింది" దగ్గరే ఆగిపోయింది. వాడి తప్పేమీ లేదు. ఈ జట్టు గురించి రాసే ప్రతి వాళ్ళూ ఆ మాటే వాడతారు. పతనమైన దిగ్గజం, గత వైభవం, శిథిల సామ్రాజ్యం. నేను కూడా స్నేహితులతో మాట్లాడేటప్పుడు ఇదే ధోరణిలో మాట్లాడాను. హంపి గురించి మాట్లాడినట్టే మాట్లాడాను. కానీ ఆ రాత్రి మొదటిసారి ఒక సందేహం వచ్చింది. పడాలంటే ముందు ఎక్కి ఉండాలి కదా. ఈ రియల్ ఉనియోన్, అంటే స్పెయిన్ సరిహద్దులోని ఇరున్ ఊరి జట్టు, ఎక్కింది దేన్ని?

ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇంతే: రియల్ ఉనియోన్ గెలిచిన కాలంలో నిచ్చెనే, అంటే డివిజన్ల మెట్లున్న లీగే, లేదు. నిచ్చెన తరువాత వచ్చింది. అది వచ్చాక, దాని మెట్ల లెక్కతో వెనుకటి గెలుపులను కొలిచి, "పైనుంచి కింద పడ్డారు" అనడం నాకు సరిగ్గా తోచడం లేదు. ఈ మాటను నేనే చివరిదాకా నిలబెట్టగలనా అన్నది వేరే సంగతి.

నేను దిగి చూడని ఊరు

కొన్నేళ్ళ కిందట పని మీద ఫ్రాన్సులోని బోర్డో వెళ్ళినప్పుడు రెండు రోజులు ఖాళీ దొరికింది. సాన్ సెబాస్టియన్ చూద్దామని రైలెక్కాను. ఫ్రాన్సు రైలు ఆందాయ్‌లో ఆగిపోయింది. అక్కడ దిగి, బయటికి వచ్చి, పక్కనే ఉన్న ఇంకో చిన్న స్టేషన్‌లో టోపో అనే, ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతపు రైలు ఎక్కాలి. నేలలో బొరియలు తవ్వుకుంటూ పోయే జంతువు పేరు అది. సొరంగాల గుండా పోయే బండి కాబట్టి జనం పెట్టిన పేరు. బయలుదేరిన కాసేపటికే బిదసోవా నది దాటింది. దేశం మారింది. ఎవరూ పాస్‌పోర్టు అడగలేదు. మొదట వచ్చిన ఊరు ఇరున్.

నేను దిగలేదు. ఒక సరిహద్దు ఊరిని, ఒక సరుకుల యార్డును, బట్టలు ఆరేసిన బాల్కనీలను చూస్తూ దాటిపోయాను. స్పెయిన్ ఫుట్‌బాల్‌లో నాలుగు కప్పులు గెలిచిన ఊరు దాటుతున్నానని నాకు అప్పటికి తెలియదు. తెలిసి ఉంటే దిగేవాడినా అంటే, నిజం చెప్పాలి, అప్పుడు నా ధ్యాసంతా సాన్ సెబాస్టియన్‌లో తినబోయే చేపల మీదే ఉంది.

దాటిపోవడానికే పుట్టిన ఊళ్ళు కొన్ని ఉంటాయి. ఇరున్ బతుకంతా దాటేవాళ్ళ మీదే నడిచింది. స్పెయిన్ పాత పట్టాల వెడల్పు 1,668 మిల్లీమీటర్లు, మన బ్రాడ్ గేజ్ కంటే ఎనిమిది మిల్లీమీటర్లు మాత్రమే తక్కువ. ఫ్రాన్సుది 1,435. అందువల్ల మనుషులైనా సరుకులైనా ఇక్కడ ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కవలసిందే. గుంతకల్లులో మీటర్ గేజ్ బండి దిగి బ్రాడ్ గేజ్ బండి కోసం పెట్టెలు మోసిన తరానికి ఇది వివరించి చెప్పనక్కర లేదు. సరుకు దింపేవాళ్ళు, ఎక్కించేవాళ్ళు, సుంకం కట్టించుకునేవాళ్ళు, వాళ్ళ చేత కాగితాలు రాయించే ఏజెంట్లు, వీళ్ళందరి మీద ఊరు ఎదిగింది. నది మధ్యలో ఫెసెంట్ల దీవి అనే చిన్న లంక ఉంది. 1659లో స్పెయిన్, ఫ్రాన్సులు అక్కడే సంధి చేసుకున్నాయి. ఇప్పటికీ ఏడాదిలో ఆరు నెలలు ఒక దేశానిది, ఆరు నెలలు ఇంకో దేశానిది. ఇలాంటి ఊళ్ళో ఇంగ్లండు నుంచి వచ్చిన ఆట త్వరగా వేళ్ళూనడంలో వింత లేదు.

ఒక ఊళ్ళో రెండు జట్లు

ఇరున్ స్పోర్టింగ్ 1902లో, రేసింగ్ దె ఇరున్ 1908లో పుట్టాయి. రేసింగ్‌కు అయిదేళ్ళు నిండేసరికే స్పెయిన్ జాతీయ కప్పు కోపా గెలిచేసింది. 1913 ఫైనల్ బిల్బావో అథ్లెటిక్‌తో 2-2గా ముగిస్తే, మళ్ళీ ఆడి 1-0తో గెలిచింది. ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాచడం ఎందుకు? ఆ ఏడాది సంఘాలు చీలిపోయి రెండు పోటీలు జరిగాయి. రెండోదాన్ని బార్సిలోనా గెలిచింది. కాబట్టి ఆ ఏటి విజేత ఎవరయ్యా అంటే ఇద్దరు.

1915లో ఊళ్ళోని రెండు జట్లూ కలిసిపోయాయి. ఉనియోన్ అంటే కలయిక. రాజు అల్ఫోన్సో ఆశీస్సులతో ముందు రియల్, అంటే 'రాజ' అన్న బిరుదు, చేరింది. పక్కపక్క వీధుల జట్లు ఒక్కటి కావడం ఎంత కష్టమో మన పల్లెల్లో వినాయక చవితి పందిళ్ళ కమిటీలను చూసినవాళ్ళకు తెలుసు. ఆ కలయిక నుంచి వచ్చిన బలమే తరువాతి పన్నెండేళ్ళను నడిపింది. 1918లో మాడ్రిడ్‌ను వాళ్ళ ఊళ్ళోనే ఫైనల్‌లో 2-0తో ఓడించారు. 1922 ఫైనల్‌లో బార్సిలోనా చేతిలో 5-1తో చిత్తయ్యారు. 1924లో సాన్ సెబాస్టియన్‌లో మళ్ళీ మాడ్రిడ్ మీదే 1-0. 1927లో సారగోసాలో అరేనాస్ దె గెచో మీద, అదనపు సమయంలో, 1-0.

ఆ చివరి ఫైనల్ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అరేనాస్ కూడా బాస్క్ జట్టే. బిల్బావో నది సముద్రంలో కలిసేచోట ఉన్న గెచో ఊరిది. అదీ 1919లో బార్సిలోనాను 5-2తో ఓడించి కప్పు గెలిచింది. అంటే 1927లో స్పెయిన్ దేశమంతటికీ అత్యుత్తమ జట్టు ఏదో తేల్చడానికి తలపడినవి రెండు బాస్క్ చిన్న ఊళ్ళు. మాడ్రిడ్ కాదు, బార్సిలోనా కాదు, కనీసం బిల్బావో కూడా కాదు. ఇప్పుడు ఆ రెండు జట్లూ కింది అంచెల్లోనే ఉన్నాయి.

ఆ జట్టులో నాకు అందరికంటే ఇష్టమైనవాడు రెనే పెతీ. ఫ్రాన్సులోని దాక్స్‌లో పుట్టి, నది ఇవతల పెరిగాడు. చదువుకోవడానికి మాడ్రిడ్ వెళ్ళి, అక్కడి జట్టుతో 1917 కప్పు గెలిచాడు. మరుసటి ఏడాదే ఇరున్ తరఫున అదే మాడ్రిడ్‌ను ఓడించిన జట్టులో ఉన్నాడు. 1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సు చొక్కా వేసుకున్నాడు. అదే ఒలింపిక్స్‌లో స్పెయిన్ చరిత్రలో మొదటి అంతర్జాతీయ గోల్ వేసినవాడు పత్రీసియో అరబొలాసా, ఇరున్‌లో అతని సహచరుడే. క్లబ్బులో ఒకే మైదానం, ఒలింపిక్స్‌లో రెండు జెండాలు. పెతీ ఇంజనీరు కూడా. తరువాత యేసా ఆనకట్ట పనుల్లో పాలుపంచుకున్నాడు. మన దేశంలో ఆనకట్టలు కట్టిన ఇంజనీర్లకు విగ్రహాలు ఉన్నాయి గానీ, వాళ్ళలో నాలుగు కప్పులు గెలిచిన ఫుట్‌బాలర్ ఎవరూ ఉన్నట్టు లేదు.

ఇంగ్లండు తరఫున 23 మ్యాచుల్లో 28 గోల్స్ వేసిన స్టీవ్ బ్లూమర్ 1923లో కోచ్‌గా ఈ ఊరికి వచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో చాలా భాగం బెర్లిన్ దగ్గరి రూలెబెన్ నిర్బంధ శిబిరంలో గడిపినవాడు. 1924 కప్పు ఆయన చేతిలోనే వచ్చింది. ఇరున్‌కే చెందిన సుగంధాల, సబ్బుల వ్యాపారి ఇచ్చిన అండతో 1926లో సొంత మైదానం ఏర్పడింది. ఆయన సంస్థ పేరే దానికి ఉంది: గాల్. సబ్బుల కంపెనీ పేరు గల మైదానం అంటే ఇప్పటి సంగతి అనుకుంటాం. వందేళ్ళ కిందటే ఉంది.

నిచ్చెన వేసిన రోజు

1926లో స్పెయిన్ వృత్తి ఫుట్‌బాల్‌ను చట్టబద్ధం చేసింది. అంటే ఆటగాడికి బహిరంగంగా జీతం ఇవ్వవచ్చు. మూడేళ్ళ తరువాత, 1929 ఫిబ్రవరిలో, పది జట్లతో లీగ్ మొదలైంది. ఆ పదిలో నాలుగు బాస్క్ జట్లు: బిల్బావో అథ్లెటిక్, సాన్ సెబాస్టియన్ జట్టు రియల్ సోసియెదాద్, అరేనాస్, రియల్ ఉనియోన్.

ఫిబ్రవరి 10న బార్సిలోనాలో ఎస్పాన్యోల్‌తో రియల్ ఉనియోన్ తలపడింది. మొదటి కొన్ని నిమిషాల్లోనే పీతుస్ ప్రాత్ అనేవాడు గోల్ వేశాడు. స్పెయిన్ లీగ్ చరిత్రలో మొట్టమొదటి గోల్ అది. దాన్ని ఆపలేకపోయిన ఇరున్ గోల్ కీపర్ పేరు ఆంతోనియో ఎమెరి. విల్లా మేనేజర్‌కు తాతగారు.

ఇది చెప్పినప్పుడు మా వాడు ఫోను పక్కన పెట్టాడు. అదొక విజయం.

నా దృష్టిలో ఆ గోల్‌కు ఇంకో అర్థం కూడా ఉంది. లీగ్‌కు ముందు కప్పులో ఒక ఊరు వసంతంలో నాలుగు మంచి ఆటలు ఆడితే చాలు. పదకొండు మంది పట్టుదల, ఒక మంచి గాలివాన రోజు, బురద నేల, అలవాటైన మైదానం, ఇవి కలిసి వస్తే రాజధానిని కొట్టవచ్చు. లీగ్ అలా కాదు. అది నెలల తరబడి సాగుతుంది. దూర ప్రయాణాలు, గాయపడినవాడి స్థానంలో ఇంకొకడు, వాడికీ జీతం. టిక్కెట్లు కొనే జనం ఎంతమంది ఉన్నారన్నదే చివరికి లెక్క. ఒక్క ఏడాది కాదు, ఏటా. పెద్ద నగరం గెలవడానికి అనువుగా ఎవరో కుట్ర పన్నారని నేను అనడం లేదు. నిచ్చెన తయారైన తీరే అది. మెట్టు మెట్టుకూ డబ్బు లెక్క ఉంటుంది.

రియల్ ఉనియోన్ పై డివిజన్‌లో ఆడింది నాలుగే సీజన్లు. 1931లో ఊరి ముద్దుబిడ్డ లూయిస్ రెగెయిరోను మాడ్రిడ్ తీసుకుపోయింది. మరుసటి సీజన్‌లో మాడ్రిడ్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా తన మొదటి లీగ్ గెలిచింది. అదే సీజన్‌లో ఇరున్ పదో స్థానంలో, అట్టడుగున నిలిచి బయటికి పోయింది. 1918లో, 1924లో తనను ఫైనళ్ళలో ఓడించిన ఊరిని మాడ్రిడ్ మైదానంలో గెలవనక్కర లేకుండా, సంతకంతో గెలిచింది. మా మేనల్లుడికి ఈ మాట నచ్చలేదు. "ఆటగాడు ఎదగాలనుకోవడం తప్పా?" అన్నాడు. తప్పు కాదు. రెగెయిరో స్థానంలో నేనున్నా వెళ్ళేవాడిని.

నా మాటకు నేనే అడ్డం

ఇక్కడిదాకా రాసి, రెండు రోజులు పక్కన పెట్టాను. మళ్ళీ చదివితే ఏదో అనుమానం. చిన్న ఊరిని అమాయకపు పల్లెటూరి పిల్లలా, లీగ్‌ను పట్నం మోసగాడిలా చూపిస్తున్నానేమో అనిపించింది. చరిత్ర నాకు అంత సులువుగా సాయం చేయడం లేదు.

లీగ్ మొదలు కాకముందు పెద్ద తగాదా జరిగింది. ఒక పక్షాన్ని మినిమలిస్టులు అన్నారు. కప్పు గెలిచిన ఆరు జట్లు మాత్రమే లీగ్ ఆడాలి, ఇంకెవరినీ రానీయకూడదన్నది వాళ్ళ వాదన. ఆ ఆరు జట్లు ఎవరెవరు? మాడ్రిడ్, బార్సిలోనా, అథ్లెటిక్, సోసియెదాద్, అరేనాస్, మన రియల్ ఉనియోన్. అంటే తలుపు మూసేద్దామన్నవాళ్ళలో ఇరున్ కూడా ఉంది. 2021లో పన్నెండు పెద్ద జట్లు తమకు తామే సూపర్ లీగ్ పెట్టుకుంటామని ప్రకటించినప్పుడు నేను ఈ బ్లాగులోనే రెండు పేరాలు తిట్టాను. నా మనసు దోచుకున్న ఈ చిన్న జట్టు దాదాపు అదే పని చేయబోయింది. తేడా ఒక్కటే, తను మూయబోయిన తలుపుకు తానే అవతల మిగిలిపోయింది.

అప్పట్లో కప్పు గెలవడం సులువు కదా అన్నది రెండో అభ్యంతరం. జట్లు తక్కువ, ఆటగాళ్ళు చాలావరకు ఇతర పనులు చేసుకునేవాళ్ళు. ఇది కొంత నిజం. కానీ అది అందరికీ ఒకటే సులువు. గలీసియాలోని పెద్ద నగరం జట్టు సెల్తా వీగో ఇన్నేళ్ళలో మూడు ఫైనళ్ళు ఆడి ఒక్కటీ గెలవలేదు. బార్సిలోనా మహానగరంలో ఉన్న ఎస్పాన్యోల్ దగ్గర ఉన్నవి నాలుగే కోపాలు, ఇరున్ దగ్గర ఉన్నన్నే. బ్రాడ్‌మన్ కాలంలో బౌలింగ్ సులువని ఎవరైనా అంటే, మిగతావాళ్ళు ఎందుకు అన్ని పరుగులు చేయలేదు అని అడుగుతాం కదా.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది ఏబార్. ఇరున్ ఉన్న గిపుస్కోవా ప్రాంతంలోనే, కొండల నడుమ తుపాకులు, సైకిళ్ళు చేసే ఊరు. జనాభా ఇరున్‌లో సగం కూడా లేదు. 2014లో పై డివిజన్‌కు అర్హత సంపాదించింది. అప్పులు లేని జట్టు. అయినా పాత చట్టం ప్రకారం మూలధనం చాలదని, దాదాపు 17 లక్షల యూరోలు అదనంగా చూపించాలన్నారు. వాటాలు అమ్మకానికి పెడితే ప్రపంచం నలుమూలల నుంచి జనం కొన్నారు. ఏడు సీజన్లు పైనే ఉంది. మెస్సీ ఆ చిన్న మైదానానికి వచ్చి ఆడి వెళ్ళాడు. అంటే ఊరు చిన్నదైతే నిచ్చెన ఎక్కలేరన్న నా సిద్ధాంతానికి ఏబార్ గట్టి దెబ్బ.

దానికి నా దగ్గర సగం జవాబే ఉంది. ఏబార్ పైనున్న ఏళ్ళలోనే టీవీ హక్కుల డబ్బును జట్లన్నీ కలిసి అమ్ముకుని పంచుకునే పద్ధతి వచ్చింది. చిన్న జట్టు వాటా పెరిగింది. నిచ్చెన మెట్ల మధ్య దూరం కాస్త తగ్గితే చిన్న కాళ్ళు కూడా ఎక్కగలవు. పైగా 2021లో ఏబార్ కూడా దిగింది. మిగతా సగం జవాబు, ఏబార్ వాళ్ళు ఇరున్ వాళ్ళకంటే బాగా నడిపారన్నది. ఒప్పుకోక తప్పదు.

ఇరున్ చుట్టూ జరిగినవి కూడా చూడాలి. 1936 సెప్టెంబరు మొదట్లో, అంతర్యుద్ధం తొలి నెలల్లో, తిరుగుబాటు జనరల్ మోలా సేనలు ఊరిని చేజిక్కించుకున్నాయి. వెనక్కి తగ్గుతున్న అరాచకవాదులు నిప్పు పెడితే ఊరు చాలా భాగం కాలిపోయింది. వేలమంది వంతెన దాటి ఆందాయ్‌కు పారిపోయారు. నేను రైల్లో పాస్‌పోర్టు చూపించకుండా దాటిన నది అదే. రెగెయిరో 1937లో బాస్క్ జట్టుకు కెప్టెన్‌గా యూరప్ అంతా తిరిగి, మెక్సికో చేరాడు. ఆ జట్టు 1938-39లో అక్కడి లీగ్ ఆడి రెండో స్థానంలో నిలిచింది. ఇల్లు లేని జట్టు అది. రెగెయిరో మెక్సికోలోనే ఉండిపోయాడు.

తరువాతి దశాబ్దాల్లో సాన్ సెబాస్టియన్ ఒక పెద్ద చెట్టులా పెరిగింది. ఇరున్ నుంచి ఇరవై కిలోమీటర్లు. 1989 దాకా బాస్క్ ఆటగాళ్ళతోనే ఆడిన రియల్ సోసియెదాద్‌కు చుట్టుపక్కల ఊళ్ళలోని ప్రతి మంచి కుర్రవాడూ కావాలి. అటువైపు నుంచి బిల్బావో కూడా అదే వల వేస్తుంది. హావియెర్ ఇరురేతా ఇరున్‌లో పుట్టి, ఇరున్‌లో ఆట నేర్చి, పేరు తెచ్చుకున్నది అట్లెటికో మాడ్రిడ్‌లో, కోచ్‌గా 2000లో లీగ్ గెలిపించింది దెపోర్తివోకు. ఊరి ఉత్సాహం కూడా కొంత హ్యాండ్‌బాల్ వైపు మళ్ళింది. బిదసోవా హ్యాండ్‌బాల్ జట్టు 1995లో ఏకంగా యూరప్ చాంపియన్ అయింది. దానికి రెండేళ్ళ ముందే, 1993 జనవరి 1న, యూరప్ ఉమ్మడి మార్కెట్ వచ్చి సరిహద్దు సుంకాలు ఎత్తేశారు. సుంకం మీద బతికిన ఊళ్ళో ఆ ఉద్యోగాలు అంతటితో ఆగిపోయాయి. ఇన్ని జరిగిన ఊళ్ళో ఒక క్లబ్బు మూతపడితే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. అది మూతపడలేదు. నాకు కుతూహలం కలిగించేది కప్పుల కంటే ఇదే.

మా ఊరి లెక్క

నేను హైదరాబాదు వాడిని. మా నాన్న రహీం సాబ్ పేరు చెప్పేటప్పుడు గొంతు మారిపోయేది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా భారత్ 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఇది చదివిన ఇరవై ఏళ్ళ హైదరాబాదీ కుర్రవాడిని ఆ పోలీసు జట్టు ఇప్పుడు ఎక్కడ ఆడుతోందని అడగండి. నేను అడిగి చూశాను. "పోలీసులకు జట్టు ఉండేదా?" అన్నాడు మా మేనల్లుడు.

తరువాత 2019లో, పుణెలో ఉన్న ఒక ఫ్రాంచైజీ స్థానంలో హైదరాబాద్ పేరుతో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) జట్టు వచ్చింది. 2022లో టైటిల్ కూడా గెలిచింది. ఆ రాత్రి మా వీధిలో ఎవరో టపాసులు కాల్చారు. 2025లో అదే జట్టు పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. 2022లో గెలిచిన జట్టును చూద్దామంటే ఊళ్ళో లేదు. వ్యాపార లెక్కలు వాళ్ళకుంటాయి, కాదనను. అయితే, ఇరున్ వాడికి, నాకు ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. వాడు ఓడిపోయిన జట్టును చూడటానికైనా వెళ్ళవచ్చు. ఆదివారం టిక్కెట్టు కొని, 1926 నుంచి ఉన్న అదే గాల్ మైదానంలో కూర్చుని, అదే నలుపు తెలుపు రంగులను తిట్టుకోవచ్చు. నాకు గెలిచిన జట్టును తిట్టుకునే వీలు కూడా లేదు.

ఇది రాస్తుంటే నా మొదటి వాదన కాస్త పక్కకు జరిగినట్టు అనిపిస్తోంది. నిచ్చెన ముందా తరువాతా అన్న తర్కం అలా ఉంచితే, నాకు ఆ "పడిపోయింది" అన్న మాట మింగుడుపడనిది అందులో జట్టు కనిపించదు, పట్టిక మాత్రమే కనిపిస్తుంది కాబట్టి. పట్టికలో ఎక్కడున్నదీ చెబుతుంది, ఊళ్ళో ఉన్నదా లేదా చెప్పదు.

మనవడు కొన్న జట్టు

ఇక ఎమెరి సంగతి. తాత ఆంతోనియో 1924, 1927 కప్పుల నాటి గోల్ కీపర్. తండ్రి హువాన్ కూడా అక్కడ గోల్ కీపరే. 2021లో ఎమెరి కుటుంబం క్లబ్బులో అధిక వాటా కొన్నది. సోదరుడు ఇగోర్ అధ్యక్షుడయ్యాడు. మా వాడికి ఇదంతా పిచ్చి ఖర్చులా కనిపించింది. నాకు మొదట ముచ్చటేసింది. తాత వాడిన నాగలిని పట్నంలో స్థిరపడిన మనవడు హాల్లో గోడకు తగిలించుకున్నట్టు.

తరువాత ఆ పోలికే నన్ను గుచ్చింది. గోడకు తగిలించిన నాగలి దున్నదు. ఒక ఊరి క్లబ్బు ఒక కుటుంబం చేతిలోకి వెళ్ళడం మంచిదేనా? ఇప్పుడున్నవాళ్ళకు ప్రేమ ఉంది, సరే. వాళ్ళ తరువాతివాళ్ళకు ఉంటుందని ఎవరు రాసిస్తారు? ఇంగ్లండులో ఉండే మేనేజర్ దృష్టితో ఇరున్ కుర్రవాళ్ళ భవిష్యత్తు నిర్ణయమైతే అది ఊరి క్లబ్బా, ఎమెరి గారి క్లబ్బా? నేను ఇందులో తీర్పు చెప్పలేను. 1926లో సబ్బుల వ్యాపారి ఆదుకున్నప్పుడు కూడా ఊళ్ళో ఎవరో ఒకరు ఇలాగే గొణిగి ఉంటారు. ఆ వ్యాపారి మైదానం మిగిలింది, ఇప్పటికీ అందులోనే ఆడుతున్నారు. ఇంత మాత్రం చెప్పగలను: డబ్బే కావాలనుకున్నవాడు అప్పటికి మూడో అంచెలో ఆడుతున్న సరిహద్దు ఊరి జట్టును కొనడు. కొన్న తరువాత కూడా జట్టేమీ ఆకాశానికి ఎగరలేదు.

నిజానికి ఈ శతాబ్దంలో జట్టు ఒకసారి పైకి తొంగి చూసింది. 2009లో ప్లే ఆఫ్‌లో అల్కోర్కోన్‌ను దాటి, 44 ఏళ్ళ తరువాత రెండో డివిజన్‌కు చేరింది. ఒక్క ఏడాదికే తిరిగి దిగింది. విచిత్రమేమిటంటే, వీళ్ళ చేతిలో ఓడిన ఆ అల్కోర్కోన్ కొన్ని నెలలకే కోపాలో మాడ్రిడ్‌ను 4-0తో చిత్తు చేసింది. మా వాడి ముఖం చూసి ఈ సంగతి చెప్పడం మధ్యలో ఆపేశాను. కానీ 2008 సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను.

ఆ ఏడాది కోపాలో రియల్ ఉనియోన్‌కు మాడ్రిడ్ ఎదురైంది. మాడ్రిడ్ అప్పటికి లీగ్ చాంపియన్. ఉనియోన్ మూడో అంచె జట్టు. అక్టోబరు చివర ఇరున్‌లో 3-2తో ఉనియోన్ గెలిచింది. నవంబరు 11న మాడ్రిడ్ సొంత మైదానం బెర్నబేవులో రెండో మ్యాచ్. మాడ్రిడ్ ఆటగాడు రౌల్ మూడు గోల్స్ వేశాడు. ఆట ముగియబోతుండగా స్కోరు మాడ్రిడ్ 4, ఇరున్ 2. రెండు మ్యాచులూ కలిపితే మాడ్రిడ్ 6-5తో ముందుంది. అంతా అయిపోయినట్టే. అప్పుడు ఇరున్ ఆటగాడు ఎనేకో రోమో గోల్ వేశాడు. మొత్తం 6-6. ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ గోల్స్ వేసిన జట్టుదే గెలుపు. ఇరున్ మూడు గోల్స్ బెర్నబేవులో వేసింది. మాడ్రిడ్ ఇరున్‌లో వేసినవి రెండే.

"1918, 1924, 2008," అని నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను.

"అది లీగ్ కాదు కదా మామయ్యా," అన్నాడు వాడు. నేను ఇన్ని పేజీలు పెట్టి చెప్పాలనుకున్న దాన్ని తెలియకుండానే రెండు ముక్కల్లో అనేశాడు.

విల్లా మ్యాచ్ ఎప్పుడు ముగిసిందో ఇద్దరికీ గుర్తు లేదు. వాడు ఫోనులో ఆ బెర్నబేవు మ్యాచ్ వెతికి పట్టుకున్నాడు. రౌల్ గోల్స్ మూడూ చూశాడు, ఒక్కోదానికీ చిన్నగా ఈల వేశాడు. రోమో గోల్ దగ్గరికి వచ్చేసరికి ఏమీ అనలేదు. అంచు స్టాండులో పైన, ఇరున్ నుంచి వచ్చిన కొద్దిమంది ఒకరి మీద ఒకరు పడిపోతున్నారు. వాడు వీడియోను పది సెకన్లు వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు.